గట్టి రాతికి మెత్తని సున్నం ఎందుకు?

కరీంనగర్ దగ్గరి ఎలగందుల ఖిల్లాకు పిల్లలను తీసుకెళ్లిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది: "సిమెంటు లేకుండా ఇంత పెద్ద కోట ఎట్ల కట్టిన్రు?" రెండోది, రాళ్ల నడుమ చెయ్యి దూరేంత సందు చూశాక వచ్చేది: "ఇప్పుడు సిమెంటు ఉంది కదా, ఆ సందుల్లో నింపేస్తే అయిపోదా?" మొదటిదానికి జవాబు అందరికీ ఎంతోకొంత తెలుసు. రెండోదే అసలు ప్రశ్న. దానికి "అయిపోతుంది" అని జవాబు చెప్పుకున్నందువల్లే కొన్ని పాత గోడలు వదిలేసినప్పటికంటే బాగుచేశాక ఎక్కువ పాడయ్యాయి.

నాకు ఈ సంగతి తెలిసింది కోటలో కాదు, మా అమ్మమ్మ ఇంట్లో. మానేరు ఒడ్డున పల్లెలో పెంకుటిల్లు. ఇటుక గోడలు, వాటి మీద డంగు సున్నం పూత. నేలకు దగ్గర్లో మోకాలెత్తున చెమ్మ ఎక్కి, చౌడు పూసి, పూత రాలుతుండేది. దాన్ని తీయించి సిమెంటు పూయించాం. మొదటి ఏడు బ్రహ్మాండంగా ఉంది. రెండో వానాకాలం దాటేసరికి చెమ్మ మోకాలు వదిలి నడుమెత్తుకు చేరింది. ఒకచోట సిమెంటు పలకగా ఊడితే, దాని వెనక ఉండాల్సిన ఇటుక పిండిలా నేల మీద రాలి ఉంది. సిమెంటుకు మాత్రం ఏమీ కాలేదు. వయసులో సున్నం పని చేసిన ఒక ముసలి మేస్త్రి వచ్చి చూసి ఒకటే మాట అన్నాడు: "గోడకు గాలాడాలె బిడ్డా. మీరు దాని మూతి కట్టేసిన్రు."

ఆ మాటను విప్పి చెప్పడమే ఈ వ్యాసం.

పాత కట్టడాలన్నీ సున్నంతోనే కట్టారా?

లేదు. ఇది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే మరమ్మతు ఎలా చేయాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. ధూళికట్ట, కోటిలింగాల లాంటి శాతవాహన కాలపు చోట్ల ఇటుకలను కలిపింది మట్టి అడుసు. నగునూరు గుళ్ల లాంటి కాకతీయుల రాతి పనిలో సాధారణంగా రాయికీ రాయికీ నడుమ ఏమీ ఉండదు. చెక్కిన రాయి తన బరువుతోనే మరో రాయి మీద కూర్చుంటుంది, అక్కడక్కడ ఇనుప బందులు పట్టి ఉంచుతాయి. సున్నం విరివిగా కనిపించేది ఆ తర్వాతి కోటల్లో, మసీదుల్లో, సమాధుల్లో, ఇంకా ఆలస్యంగా దొరల గడీల్లో. ఎలగందులలో తర్వాతి కాలపు కట్టడాలు, 1747 నాటి నక్షత్రాకారపు జగిత్యాల ఖిల్లా, నిర్మల్ చుట్టూ ఉన్న శ్యామ్‌గఢ్, బత్తీస్‌గఢ్ ఈ కోవలోవి. కాబట్టి కాకతీయ గుడి రాళ్ల నడుమ సిమెంటు కుక్కడం రెండింతల తప్పు. అది ఏ అడుసూ ఉండాల్సిన చోటే కాదు. కట్టినవాడు ఖాళీగా వదిలిన సందు అది.

సున్నం గట్టిపడటం అంటే అసలు ఏమిటి?

ఈ ప్రాంతం వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక, సున్నపురాయి మన కాళ్ల కిందే ఉంది. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్‌లలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దానికోసమే. అదే రాయిని మన పెద్దలు బట్టీలో కాల్చారు.

లెక్క చూడండి. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోయి, 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుసమంటూ ఉడుకుతుంది. పండుగకు ముందు గోడలకు సున్నం వేయడానికి కుండలో గడ్డలు నానేసిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ చప్పుడు, ఆ ఆవిరి గుర్తుండే ఉంటాయి. ఈ ఉడుకులో 18 కిలోల నీటిని తనలో కలుపుకొని అది 74 కిలోల తడిసున్నం అవుతుంది. ఇక గోడలో పెట్టాక దాని పని ఒక్కటే, పోగొట్టుకున్న వాయువును గాలిలోంచి తిరిగి తెచ్చుకోవడం. తెచ్చుకున్నకొద్దీ మళ్లీ రాయి అవుతుంది. చివరికి లెక్క తిరిగి 100 కిలోలకే వస్తుంది. బట్టీకి పోయిన రాయి గోడలో మళ్లీ రాయిగా కూర్చుంటుంది. సున్నం మీద నాకున్న ప్రేమంతా ఈ చక్రం దగ్గర మొదలైంది.

అయితే ఇది బయటినుంచి లోపలికి, చాలా నెమ్మదిగా జరుగుతుంది. ఒక్కో మిల్లీమీటరు లోతుకు వారాలు పడతాయి. మందపాటి కోటగోడ నడిమి సున్నం ఏళ్ల తరబడి మెత్తగానే ఉండిపోవచ్చు. పాత మేస్త్రులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు, కాలిన ఇటుకను దంచి, జల్లించి కలపడం. దాన్నే సుర్ఖీ అంటాం. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో నేరుగా కలిసి, గాలి అందని చోట కూడా గట్టిపడుతుంది. రోమన్లు అగ్నిపర్వతపు బూడిదతో చేసిందీ ఇదే. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ నది ఇసుకైతే రెండు పాళ్ల ఇసుకకు ఒక పాలు సున్నం చాలునని, అందులో దంచిన పెంకు కలిపితే ఇంకా మంచిదని రాసిపెట్టాడు. మానేరు ఇసుకతో పనిచేసిన మన మేస్త్రులు ఆయన పేరు వినలేదు. అయినా వాళ్ల చెయ్యి కూడా అక్కడికే చేరింది.

మరి సిమెంటు దానికంటే గట్టిది కదా? గట్టిదైతే నష్టమేమిటి?

గట్టిదే. మామూలు సున్నపు అడుసు చదరపు సెంటీమీటరుకు పది నుంచి పాతిక కిలోల బరువు మోస్తుందనుకుంటే, ఒకటికి మూడు పాళ్ల ఇసుకతో కలిపిన సిమెంటు వంద కిలోలూ ఆపైనా మోస్తుంది. మన నల్లరాయి వెయ్యి దాటుతుంది. పాత ఊరి ఇటుక మాత్రం ముప్పై, నలభై దగ్గరే ఆగిపోవచ్చు. ఇటుక గోడలో సిమెంటు పెడితే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి. గోడ కొంచెం కదిలినా, నేల కొంచెం దిగినా, ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. సున్నమైతే సున్నం దగ్గర పగులుతుంది. సిమెంటైతే ఇటుక పగులుతుంది. నాగలికి కర్రు అరిగితే కమ్మరి దగ్గరికి తీసుకుపోయి సాన పట్టించుకుంటాం, నాగలే విరిగితే సాగు ఆగుతుంది. సందులోని సున్నం గోడకు కర్రు లాంటిది. అరగడానికే అది ఉంది, యాభై ఏళ్లకో వందేళ్లకో మళ్లీ పెట్టుకోవడానికే ఉంది.

అంతకన్నా పెద్ద సంగతి నీరు. గోడలోకి నీరు రాకుండా ఎవరూ ఆపలేరు. కింద నేలలోంచి గోడ పీలుస్తుంది, పైన బురుజు నెత్తిన పడిన వాన దిగుతుంది. వచ్చిన నీరు ఎలా పోతుందన్నదే ప్రశ్న. సున్నం నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. ఎండ కాయగానే నీరు వాటి గుండా ఆవిరై పోతుంది. సిమెంటు ఆ దారిని చాలావరకు మూసేస్తుంది.

ఇటుక గోడకు, రాతిగోడకు ఈ దెబ్బ ఒకేలా తగలదు. ఇటుక తనే నీరు పీలుస్తుంది కాబట్టి, సందులు మూస్తే నీరు ఇటుక ముఖం మీదుగా పోతుంది. నీటితోపాటు కరిగిన ఉప్పు అక్కడికే వచ్చి, ఆరాక స్ఫటికాలు కట్టి, లోపలినుంచి ఇటుకను పిండి చేస్తుంది. మా అమ్మమ్మ గోడకు జరిగింది ఇదే. సిమెంటు తనతోపాటు కొంత ఉప్పును తెచ్చి ఆ భారం పెంచుతుంది కూడా.

మన కోటల సంగతి వేరు. నల్లరాయి నీటిని దాదాపు పీల్చదు. అంటే ఎలగందుల గోడలో నీటికి రాకపోకల దారి ఒక్కటే, రాయికీ రాయికీ నడుమనున్న సందు. నేను కోటగోడ దగ్గర నిలబడి పిల్లలకు చూపించేది ఇదే: ఇంత గోడకూ ముక్కులు ఈ గీతలే. వాటిని సిమెంటుతో పూడిస్తే రాళ్లకు వెంటనే ఏమీ కాదు, అందుకే పని బాగున్నట్టు కనిపిస్తుంది. కానీ కోటగోడ అంటే రెండు రాతి ముఖాలు, నడుమ గుండురాళ్లు, సున్నం, మట్టి కలిపి పోసిన కడుపు. చిక్కుకున్న నీరు ఆ కడుపులో ఊరి, ఏళ్ల తరబడి సున్నాన్ని కడిగి, మట్టిని కిందికి జార్చి, గోడను ముందుకు ఉబ్బిస్తుంది. ఒకనాటి ముసురుకు ముఖం మొత్తం జారిపడుతుంది. అప్పుడు కూలిన రాళ్లకు సిమెంటు గీతలు ఇంకా అంటుకునే కనిపిస్తాయి.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. రామగుండం వేసవి తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు. పది మీటర్ల పొడవు నల్లరాతి గోడ తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య ముప్పై డిగ్రీల తేడా చూస్తే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగాలని చూస్తుంది. సందుల్లోని సున్నం ఆ సాగుడును తలా కొంచెం పంచుకుని సర్దుకుంటుంది. పట్టుకుని బిగుసుకున్న సిమెంటు రాతి అంచు దగ్గర వెంట్రుక మందాన విడిపోతుంది. ఆ వెంట్రుక సందు వాననీటిని లోపలికి బాగా పీలుస్తుంది, బయటికి మాత్రం పోనివ్వదు. సున్నంలో పడిన అలాంటి చిన్న పగుళ్లకు మరో గుణం ఉంది. వాననీరు కొద్దిపాటి సున్నాన్ని కరిగించి, పగులులోకి మోసుకుపోయి, ఆరేటప్పుడు అక్కడే పేరుస్తుంది. సన్నటి పగుళ్లు ఇలా వాటంతట అవే పూడుకుంటాయి.

ఎలగందులలో 1754లో జఫరుద్దౌలా కట్టించాడని చెప్పే దో మినార్‌లను ఊపితే ఊగుతాయని ప్రతీతి. ఊగడానికి మూలం వాటి సన్నటి, పొడవాటి ఆకారం. ఊగినా పగలకుండా నిలవడంలో మాత్రం కొంచెం వంగి, కొంచెం సర్దుకునే సున్నానికి వాటా ఉంది. అలాంటి కట్టడాన్ని బిగుసుకుపోయే అడుసుతో "బలపరచడం" నాకు భయం కలిగించే ఆలోచన.

బెల్లం, కరక్కాయ, కోడిగుడ్డు: ఇవి నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి, కానీ మంత్రంలా కాదు. బెల్లపు నీటిలో సున్నం మామూలు నీటిలో కన్నా ఎక్కువ కరుగుతుంది, అడుసు కర్రకు అంటకుండా జారుతూ చేతికి లొంగుతుంది. ఎక్కువైతే గట్టిపడటమే ఆలస్యమవుతుంది. కరక్కాయలోని వగరు, అంటే టానిన్, తక్కువ నీటితోనే అడుసును మెత్తబరుస్తుంది. నీరు తగ్గితే ఆరేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి. గుడ్డు తెల్లసొన, మారేడు గుజ్జు, బంక సన్నటి గచ్చుకు నునుపునూ, నీటిని కొంత తోసే గుణాన్నీ ఇస్తాయి. జనపనార పగుళ్లను పట్టి ఉంచుతుంది. చైనాలో మింగ్ కాలపు నాన్జింగ్ ప్రాకారానికి జిగురు బియ్యపు గంజి కలిపారు, అక్కడ దొరికింది అది. ఆదిలాబాద్ అడవుల్లో కరక్కాయ, తపసి బంక గోండులూ కోలాములూ ఏరుకొచ్చే సరుకు, మనకు దొరికింది ఇది.

అయితే పాత గచ్చు గొప్పదనమంతా ఏదో రహస్య దినుసులో ఉందనే మాట నేను ఒప్పుకోను. గొప్పదనం ఓపికలో ఉంది. సున్నాన్ని గుంతలో నీటి కింద నెలల తరబడి ముగ్గబెట్టేవాళ్లు, కాలని పలుకులు జల్లెడ పట్టేవాళ్లు, గుండ్రటి కాలువలో ఎద్దులు లాగే రాతి చక్రం కింద ఇసుకతో కలిపి గంటల తరబడి నూరేవాళ్లు. డంగు సున్నం అనే పేరు ఆ నూరుడుదే. ఇప్పుడు బస్తా విప్పి పారతో రెండుసార్లు తిరగేసి, కరక్కాయ నీళ్లు చల్లి "పాత పద్ధతి" అంటే సున్నం ఆ మాట వినదు.

పాత అడుసులో ఏముందో ఎలా తెలుసుకోవాలి?

గోడనుంచి రాలిపడిన చిన్న ముక్క చాలు. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఆ ముక్కనూ ముట్టకూడదు, రాష్ట్రంలో 2017 నుంచి ప్రత్యేకంగా వారసత్వ చట్టం ఉంది. ప్రయోగశాలలో ముందు ముక్కను ఆరబెట్టి తూచి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తారు. గట్టిపడిన సున్నం నురగలు కక్కుతూ కరిగిపోతుంది. మిగిలిన ఇసుకను కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూస్తే పాళ్లు తెలుస్తాయి. ఆ ఇసుకను వరస జల్లెడలలో పోస్తే గింజ పరిమాణం, రంగు, ఇటుక పొడి ఉందో లేదో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: ఇసుకలోనే సున్నపురాయి గింజలుంటే అవీ కరిగి లెక్కను తారుమారు చేస్తాయి. మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఇది మరిచిపోకూడని విషయం. అందుకే పలుచటి ముక్క కోసి సూక్ష్మదర్శినిలో కూడా చూస్తారు.

ఇక మరమ్మతు ఎలా?

ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది గోడను వదిలి పైకి చూడమని. నీరు ఎక్కడినుంచి దిగుతోంది? బురుజు తల మీద గచ్చు పగిలిందా? కాలువ పూడిందా? గోడ పక్కన మట్టి పేరుకుందా? ఇవి సరిచేయకుండా సందులు పూడ్చడం కారే కుండకు రంగు వేయడం. సందులో మొలిచిన రావిని పీకితే వేరుతోపాటు రాళ్లు కదులుతాయి. మొదలు కోసి, వేరు చచ్చాక నెమ్మదిగా తీయాలి.

పాత సిమెంటు తీయాల్సి వస్తే చిన్న ఉలి, చిన్న సుత్తి మాత్రమే వాడాలి. కట్టర్ మిషన్ ఒక్క క్షణం జారినా రాతి అంచు పోతుంది, అది మళ్లీ రాదు. ఊడదీస్తే రాయి కూడా చెక్కుకొచ్చేలా ఉంటే ఆ చోట సిమెంటును అలాగే వదలడం మేలు. తర్వాత సందును దాని వెడల్పుకు కనీసం రెండింతల లోతు శుభ్రం చేసి, దుమ్ము కడిగి, గోడను తడపాలి. పొడిగా ఉన్న గోడ అడుసులోని నీటిని ఒక్క గుక్కలో తాగేసి దాన్ని పొడి చేసి వదులుతుంది. అడుసును లోపలినుంచి పొరలుగా కుక్కుతూ రావాలి. రాతి ముఖానికి దారం మందమంత లోపలే ఆపాలి, రాతి మీద పూయకూడదు. తర్వాత తడి గోనెసంచులు వేలాడదీసి రోజుల తరబడి ఆరనివ్వకుండా చూడాలి. సున్నం గాలినుంచి తనకు కావలసింది తీసుకోవాలంటే కొంచెం తడి కావాలి. పూర్తిగా ఎండినా, పూర్తిగా మునిగినా ఆ పని ఆగిపోతుంది. అందుకే మన దగ్గర ఈ పనికి కాలం దసరా దాటాక మొదలై మాఘం దాకా. ఏప్రిల్‌లో టెండరు పిలిచి మే నెలలో పూత ముగించమంటే ఎంత మంచి మేస్త్రి అయినా ఓడిపోతాడు.

సున్నం లోపలిదాకా పట్టిందో లేదో చూడటానికి ఒక అందమైన పరీక్ష ఉంది. పక్కన చేసి పెట్టుకున్న నమూనా దిమ్మను విరిచి, విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తారు. ఇంకా రాయి కాని సున్నం గులాబీ రంగు తిరుగుతుంది. రాయి అయినంత మేర రంగు రాదు. నెలనెలా ఒక దిమ్మ విరిస్తే గులాబీ మచ్చ చిన్నదవుతూ పోవడం చూడొచ్చు.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టినవి కావు. అయితే నిపుణుల మాట ఇక్కడికి చేరడానికి సమయం పట్టింది. 1931లో ఏథెన్స్‌లో చేరిన నిపుణులు పాత కట్టడాలకు కాంక్రీటు వాడవచ్చన్నారు. 1964లో వెనిస్‌లో చేరినవాళ్లయితే ఆధునిక పద్ధతిని, సంప్రదాయ పద్ధతి చాలదని తేలినప్పుడు మాత్రమే వాడాలన్నారు. మన దగ్గర హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ చేపట్టిన పనిలో పెద్ద భాగం, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును చెక్కి తీసేసి మళ్లీ సున్నం పెట్టడమే. మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతుకు మరమ్మతు చేయడానికి అంత శ్రమా అంత డబ్బూ అయ్యాయి. ఎలగందుల, జగిత్యాల, నిర్మల్ గోడలకు ఇంకా అంత సిమెంటు ఎక్కకముందే మనం మేలుకోవచ్చు.

మా అమ్మమ్మ గోడ సంగతి చెప్పి ఆపుతాను. ఆ ముసలి మేస్త్రే మనుమడిని వెంటబెట్టుకొచ్చి సిమెంటు తీశాడు. పిండైన ఇటుకల చోట పాత ఇటుకలే వెతికి పెట్టాడు. నడుమెత్తు దాకా సున్నం, ఇసుక, సుర్ఖీ. మొదటి వానాకాలం తర్వాత తెల్లటి చౌడు మళ్లీ పూసింది. నేను కంగారుపడి కబురు చేస్తే, "పూయనియ్యి, లోపల ఉన్నది బయటికొస్తున్నది, చీపురుతో ఊడ్చెయ్యి" అన్నాడు. ఊడ్చాను. మరుసటి ఏడు అందులో సగం కూడా పూయలేదు. ఇప్పుడు కింద జానెడు మేర పూత కొంచెం గరుకుగా అరిగింది. ఈ దసరా దాటాక అంతవరకు తీసి కొత్తది పెట్టాలి. గుంతలో సున్నం నానుతోంది.